ఎర్రతెర దగ్గర చేతికట్టు

కుండలగుట్ట మీద ఎండ నిప్పులు చెరుగుతోంది. గుట్ట నెత్తిన ఏనుగు తలలంతేసి మట్టికుండలు బారులు తీరి ఉన్నాయి. ప్రతి కుండలోనూ ఒక రాగిరేకు, ఒక తుత్తునాగపు రేకు, వాటి చుట్టూ నురగలు కక్కే పుల్లని ద్రవం. ఒక కుండలోని రాగి పక్క కుండలోని తుత్తునాగంతో ముడిపడి ఉంది. చివరి కుండ నుంచి బొటనవేలంత లావు రాగితీగ బయలుదేరి, పాతాళం దాకా నోరు తెరిచిన భైరవలోయ మీదుగా, ఆవలిగట్టున ధూమ్రకేశుడి కోట ముంగిటికి తళతళలాడుతూ సాగిపోయింది. చూడ్డానికి ఎంత అందం! ఆ అందానికి మురిసి తీగను ముట్టుకున్నవాళ్ళ ఎముకలు గుట్ట పాదాన కుప్పలుగా పడి ఉన్నాయి.

శంపావతి యువరాజు ఉదయకేతుడు గొర్రెల కాపరి వేషంలో, భుజాన గొంగడితో ఆ తీగ కింద నిలబడ్డాడు. అతని చూపు తీగ మీద లేదు. లోయకు ఆవల పాలరాతి మంటపంలో, దంతపు పాన్పు మీద కదలకుండా పడుకున్న ఒక ఆకారం మీద ఉంది. ఆమె అతని తల్లి, మహారాణి సౌగంధికాదేవి.

మాంత్రికుడైన ధూమ్రకేశుడు రాజ్యంలో సగం అడిగాడు. రాజు కాదన్నాడు. అన్న పాపానికి వాడు రాణి గుండెకు నిద్రమంత్రం వేసి ఎత్తుకుపోయాడు. తనంత తాను కొట్టుకోవడం మరిచిన ఆ గుండెను ఇప్పుడు కుండల్లోంచి వచ్చే మెరుపుధార ఆడిస్తోంది. ధార ఆమె కుడిచేతి రాగికడియంలోకి వస్తుంది, ఎడమచేతి కడియంలోంచి పోతుంది. అక్కడినుంచి కోట గుమ్మానికి అడ్డంగా అల్లిన ఇనుపతీగల తెరలో దూరి, దాన్ని ఎర్రగా కాల్చి, చివరికి మంటపం పక్కనున్న బావిలో పాతిన రాగిపలక మీదుగా భూమిలో కలుస్తుంది. కుండల రెండో కొన కూడా భూమిలోనే పాతి ఉంది కనుక దారి ఒక చుట్టు తిరిగి పూర్తవుతుంది.

ఆ ఎర్రతెర వెనుక తోటలో ప్రాణవేరు అనే మూలిక ఉంది. దాన్ని రాణి నాలుక మీద పెడితే గుండె మళ్ళీ తన ఆట తాను ఆడుకుంటుంది. కానీ తెర కోస్తేగాని తోటలోకి పోలేరు. తెర కోస్తే ధార ఆగుతుంది, ధార ఆగితే రాణి ఉండదు.

"అందుకే వాడు ఈ కుండలకు కాపలా పెట్టలేదు. మీ అమ్మగారే కాపలా" అన్నాడు అర్కభట్టు.

అర్కభట్టు ధూమ్రకేశుడి పాత శిష్యుడు. గురువు చేసే ఘోరాలు చూడలేక పారిపోయి వచ్చాడు. వచ్చేటప్పుడు కుడిచేతి వేళ్ళను ఈ తీగకే సమర్పించుకున్నాడు. మంచివాడే గాని నోరు ఊరుకోదు. ఎదుటివాడి మాటలో తప్పు కనబడితే దిద్దనిదే ఆయనకు అన్నం సయించదు.

వాళ్ళిద్దరి వెనుక గొర్రెలదిన్నె జనం మోకాళ్ళ మీద గడ్డాలు పెట్టుకుని కూర్చున్నారు. అది రాణి పుట్టిల్లు. వేటకు వచ్చిన రాజు మనసుపడి చేసుకున్న గొల్లపిల్ల ఆమె. పెళ్ళయ్యాక రాచ కట్టుబాట్లు అడ్డొచ్చి ఆమె మళ్ళీ దిన్నెకు రాలేదు, దిన్నెవాళ్ళు కోట గడప తొక్కలేదు. నిన్న యువరాజు బిచ్చగాడి వేషంలో దిన్నెకు వెళ్ళినప్పుడు ఊరంతా నమ్మింది గాని సుంకులవ్వ నమ్మలేదు. ఆమె రాణి కన్నతల్లి. "ఆ కండ్లు నా బిడ్డవి గాదూ!" అంటూ అతని ముఖమంతా రెండు చేతులతో నిమిరి, వేళ్ళు తన కణతలకు ఆనించి మెటికలు విరిచింది. మెటికలు పటపటమన్నాయి. "అబ్బ, ఎంత దిష్టి తగిలిందే నా తండ్రికి!" అని ఏడ్చింది. ఎవరు కనబడ్డా ఆమెకు అదే అలవాటు. పక్కింటి దూడ కనబడినా మెటికలు విరుస్తుందని ఊళ్ళో నవ్వుకుంటారు.

ఇంతలో ఒక గోరువంక ఎగిరొచ్చి రాగితీగ మీద వాలింది. తోక ఆడించింది. ఈకలు దువ్వుకుంది.

"భట్టుగారూ, ముట్టినవాడల్లా చస్తే అది ఎందుకు చావలేదు?" అన్నాడు ఉదయకేతుడు.

"నీళ్ళు ఎందుకు పారతాయి యువరాజా?"

"పల్లం ఉంది గనుక."

"అంతే! ఒక పక్క మిట్ట, ఒక పక్క పల్లం ఉంటేనే పారకం. చెరువు ఎంత నిండుగా ఉన్నా, మట్టం సమంగా ఉంటే చుక్క కదలదు. మెరుపూ అంతే. ఈ తీగ మిట్ట, మనం నిలబడ్డ భూమి పల్లం. గోరువంక రెండు కాళ్ళూ మిట్ట మీదే ఉన్నాయి. దానికి తేడా ఎక్కడిది? చచ్చినవాళ్ళు చేత్తో తీగను పట్టుకుని కాళ్ళతో నేలను తొక్కారు. మిట్టకూ పల్లానికీ మధ్య వాళ్ళే కాలువ అయిపోయారు."

"నేల తగలకుండా వేళ్ళాడుతూ పోతే?"

"పోవచ్చు. నేలను వదిలాక తీగను పట్టుకోండి. తీగను వదిలాక నేలను తొక్కండి. రెండూ ఒకేసారి వద్దు."

"అయితే నేనూ గోరువంకనే" అన్న మాట పూర్తయ్యేలోగా యువరాజు బండ మీదినుంచి పైకెగిరాడు.

"గోరువంకకు బరువుండదు, మీకుంది!" అని వెనకనుంచి దిద్దాడు భట్టు.

రెండు చేతులూ తీగను పట్టుకున్నాయి. ఏమీ కాలేదు. గోరువంక తిట్టుకుంటూ ఎగిరిపోయింది. ఉదయకేతుడు చేయి మార్చి చేయి వేస్తూ లోయ మీదికి పాకాడు. అడుగున మబ్బులు, మబ్బుల కింద నది హోరు. అరచేతులు చెమర్చి జారుతున్నాయి. నడిలోయ దాటి ఆవలిగట్టుకు చేరువవుతుండగా ఎత్తుడువంతెన కాపలాదారు శూలముఖుడు అతణ్ణి చూశాడు. పేరుకు తగ్గట్టే తాటిచెట్టంత ఇనుపశూలం వాడి చేతిలో ఉంది.

"ఎవడ్రా అది? కోతివా, మడిసివా?" అని గర్జించి, నీళ్ళు చిమ్మిన రాతి అంచున వట్టికాళ్ళతో నిలబడి శూలం విసురుగా పొడిచాడు.

ఉదయకేతుడు రెండు కాళ్ళూ పొట్టకు ముడుచుకుని పక్కకు ఊగాడు. శూలం గురితప్పి తీగకు తాకింది. ఫెళ్ళుమని నీలిమంట లేచింది. శూలముఖుడు అరవడానికి కూడా వ్యవధి లేక, శూలంతోపాటే లోయలోకి దొర్లిపోయాడు.

అదే క్షణంలో మంటపం వైపు ఎర్రతెర మసకబారింది. ధారలో కొంత వాడి ఒంటి మీదుగా నేలలోకి దారి తీసింది. పాన్పు మీద రాణి వేళ్ళు ముడుచుకున్నాయి. "అమ్మా!" అని యువరాజు నోట మాట వచ్చింది. రెప్పపాటులో తెర మళ్ళీ ఎర్రబడింది, వేళ్ళు విచ్చుకున్నాయి. శత్రువును తప్పించుకోబోయి తల్లిని చంపుకునేవాణ్ణే అనుకుంటూ అతను తీగ వదిలి గట్టు మీదికి దూకి, పరుగున పోయి వంతెన దించాడు.

దిన్నె జనం లోయ దాటి వచ్చారు. సుంకులవ్వ అందరికంటే ముందు మంటపం ఎక్కింది. పెళ్ళికూతుర్ని చేసి పల్లకీ ఎక్కించాక మళ్ళీ చూడని బిడ్డ ఎదురుగా ఉంది. తలలో తెల్లవెంట్రుకలు కనబడ్డాయి. "నా తల్లికి నెరిసిందే" అంటూ చెయ్యి చాపబోతే భట్టు కర్ర అడ్డం పెట్టి ఆపాడు. "ఇప్పుడు ముట్టుకోకూడదవ్వా. ఆమె ఒళ్ళంతా మిట్టలో ఉంది."

"తెరకు ఈ కొసనుంచి ఆ కొసకు రాగితీగ వేద్దాం భట్టుగారూ. ధార రాగిలోంచి పోతుంది, అప్పుడు తెర కోయొచ్చు" అన్నాడు ఉదయకేతుడు.

"అమ్మగారు మాడిపోతారు. ఇనుపతెర ధారకు ఇరుకుసందు. సందులో తోసుకుంటూ పోవడం వల్లే అది అలా కాలుతోంది. రాగి వేస్తే అది రాచబాట. మిట్ట అదే, పల్లం అదే, దారి సులువైతే ధార వరదవుతుంది. ఆ వరద ముందు ఆమె గుండెలోంచి పోవాలి గదా! ఇరుకు తీస్తే దాని బదులు ఇంకో ఇరుకు పెట్టాలి. అలాంటిది ఇక్కడ ఒక్కటే ఉంది, మనిషి ఒళ్ళు."

"అయితే నేను నిలబడతా" అన్నాడు బీరప్ప. అతను సుంకులవ్వ కొడుకు, యువరాజుకు మేనమామ. మాట తక్కువ మనిషి.

"ఒక్కడివే నిలబడితే ఆ మట్టాల తేడా అంతా నీ ఒక్కడి మీదే పడుతుంది. చచ్చిపోతావు. పదిమందీ చెయ్యీ చెయ్యీ పట్టుకుని నిలబడితే తేడాను తలా కొంచెం పంచుకుంటారు. ధారను మాత్రం పంచుకోరు, అది గుర్తుంచుకోండి. ఒకే దారిలో నిలబడ్డ వాళ్ళందరిలోనూ ధార ఒకటే. ఈ చివరివాడిలో ఎంతో, ఆ చివరివాడిలో ఎంతో, అమ్మగారి గుండెలోనూ అంతే."

బీరప్ప ముఖం విప్పారింది. "చేతికట్టు! అది మాకు తెలిసిన పనే సామీ."

గొర్రెలదిన్నెలో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే ఊరంతా మంచం దగ్గర్నుంచి వాకిలి దాకా చేతులు పట్టుకుని నిలబడతారు. పోయే ప్రాణానికి తోడని కొందరంటారు, చేతులు దాటుకుని ప్రాణం పోలేదని కొందరంటారు. ఎన్నోసార్లు పోయింది. అయినా కట్టు కట్టడం మానలేదు.

భట్టు గబగబా ఏర్పాట్లు చేశాడు. ధార నేలలోకి జారకుండా బండల మీద గొంగళ్ళు మడతలు వేసి పరిపించాడు. అరచేతులు ఉప్పునీళ్ళతో తడిపించాడు. వచ్చినవాళ్ళందరినీ నిలబెట్టలేదు. మంది ఎక్కువైతే దారి మరీ ఇరుకై ధార సన్నబడుతుంది, గుండెకు చాలదు. కొందర్ని పక్కకు తప్పుకోమంటే వాళ్ళు ఏడుపు ముఖాలు పెట్టారు. బావి వైపు తీగ బీరప్ప పట్టుకోవాలని, ఎడమకడియం వైపు తీగ ఒక వయసు కుర్రాడు పట్టుకోవాలని భట్టు అన్నాడు.

"నా బిడ్డ పక్క నేనుండాల" అంది సుంకులవ్వ.

"ముసలి ప్రాణానివి, ఓర్చుకోలేవవ్వా."

"దాన్ని కన్న దినం కంటేనా సామీ?"

భట్టు ఆ కుర్రాణ్ణి పక్కకు తప్పించి అవ్వకు చోటిచ్చాడు. "సరే. అందరూ వినండి. ఏమొచ్చినా చెయ్యి వదలకూడదు. తేలు కుట్టినా, కన్నీళ్ళు కారినా తుడుచుకోడానికి కూడా వదలకూడదు. ఒక్కచోట తెగితే అన్నిచోట్లా ఆగుతుంది. మళ్ళీ పట్టుకుంటే ధార వస్తుంది గాని, ఆగిన గుండె రాదు. ఆడే గుండెనే అది ఆడిస్తుంది."

"కన్నబిడ్డ చెయ్యి ఎవురన్నా వదుల్తారా సామీ?" అంది అవ్వ.

చేతులు కలిశాయి. ఉదయకేతుడు కొయ్యపిడి కత్తి ఎత్తి, తల్లిని ఒక్కసారి చూసి, ఎర్రతెరను పైనుంచి కిందికి చీల్చాడు. తెర నల్లబడి రాలిపోయింది. వరుసంతా ఒక్కసారి ఉలిక్కిపడింది. చేతుల్లో చీమలు పాకినట్టుంది. ఎవరూ వదల్లేదు. పాన్పు మీద రాణి రొమ్ము నెమ్మదిగా ఎగసింది, దిగింది.

"నా బిడ్డ గుండెకాయ నా చేతుల్లో కొట్టుకుంటాంది" అంది అవ్వ.

"అది ధార అవ్వా, గుండె కాదు" అన్నాడు భట్టు.

"నీకేం తెల్సు సామీ."

యువరాజు తోటలోకి పరుగెత్తాడు. అబ్బ, అదేం తోట! వెండిరేకుల పూలు, పచ్చలు తాపిన పందిళ్ళు, పన్నీరు పారే కాలువలు. గాలి వీస్తే ఆకులు గాజుల్లా గలగలమంటున్నాయి. వాటిమధ్య నల్లరాతి సింహం ఒకటి గుర్రుమంటూ లేచింది. అది దూకగానే అతను వంగాడు. అది పందిరిని ఢీకొని పచ్చల వానలో కూరుకుపోయింది. లేచి మళ్ళీ దూకింది. గొంగడి విసిరి దాని ముఖాన కప్పి, వీపు మీదినుంచి దాటి, తోట నడుమ పొడిబారిన పుట్ట మీద మొలిచిన ప్రాణవేరును పిడికిలితో పట్టి పెకలించాడు. తెల్లని వేరు, పసిపిల్ల చిటికెనవేలంత. దాన్ని కళ్ళకద్దుకుని, ఇంకా గొంగడిలో తల చిక్కుకుని గింజుకుంటున్న సింహాన్ని తప్పుకుని వెనక్కి తిరిగాడు.

అప్పుడు మంటపంలో జరిగింది చెప్పడానికి నాకు నోరు రావడం లేదు, కాని చెప్పక తప్పదు.

ఇనుపతెర గుండా పోయిన ధార మోటుది. అది రాణిని బతికించింది గాని లేవనివ్వలేదు. మనుషుల చేతుల గుండా పోయిన ధార మెత్తనిది. అంత మెత్తని ధారకు నిద్ర పలచబడుతుందని భట్టు లెక్కలో లేదు. సౌగంధికాదేవి కళ్ళు తెరిచింది. పైకప్పును చూసింది, పక్కకు చూసింది. ముడతలు పడ్డ ముఖం ఒకటి తన మీదికి వంగి ఉంది.

"అమ్మా" అంది రాణి. పట్టపురాణి మాట కాదు, దిన్నె మీది పిల్ల మాట. "నువ్వెప్పుడొచ్చినావు?"

"నా తల్లీ!" అంది సుంకులవ్వ.

ఆమె చేతులు రెండూ లేచాయి. బిడ్డ ముఖాన్ని గాలిలోనే నిమిరి, కణతలకు ఆని, మెటికలు విరిచాయి. ఆ చేతులు ఆమెను అడిగి లేవలేదు. బతుకంతా ఎలా లేచాయో అలాగే లేచాయి.

మెటికలు పటపటమన్నాయి. రాణి చిన్నగా నవ్వింది. ఆ నవ్వు అలాగే ఉండిపోయింది.

భట్టు కేక పెట్టి ఉరికి తీగను ఎడమచేత్తో, పక్కవాడి చెయ్యిని మొండివేళ్ళతో పట్టుకున్నాడు. వరుసలో మళ్ళీ చీమలు పాకాయి. ధార వచ్చింది. రాణి రాలేదు.

ఉదయకేతుడు పరుగున వచ్చి వేరును తల్లి నాలుక మీద పెట్టాడు. పిలిచాడు. చెంప తట్టాడు. ప్రాణవేరు ఆడే గుండెకే మందు. అతను నేల మీద కూలబడి పసివాడిలా ఏడ్చాడు. రాజకుమారులు ఏడవరని అనేవాళ్ళు ఎవరైనా ఆ వేళ అక్కడుండి చూడాల్సింది.

సుంకులవ్వ తన రెండు చేతులను ముఖం ముందు పెట్టుకుని చూసుకుంటోంది. "నాయనా, నా చేతులేనా? నేనేనా నా బిడ్డను..."

ఉదయకేతుడు కళ్ళు తుడుచుకున్నాడు. లేచి ఆ చేతులను తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"నువ్వు కాదవ్వా. నేను వేరు పెకలించేటప్పుడే లోపల గంట మోగింది. అప్పుడే అమ్మ ఆయుస్సు తీరింది. నువ్వు చెయ్యి వదిలేసరికే అమ్మ లేదు. నేనే ఆలస్యం చేశాను."

"మరి నన్ను అమ్మా అని పిలిచిందే?"

"పోతూ నిన్ను చూసి పోయింది. అంతే."

అవ్వ తలతిప్పి భట్టు వైపు చూసింది. జీవితంలో ఒక్క తప్పుమాటను కూడా దిద్దకుండా విడిచిపెట్టని మనిషి, "యువరాజు చెప్పిందే నిజం అవ్వా" అన్నాడు.

యువరాజు బండ మీద పరిచిన గొంగడి ఒకటి తీసి చేతికి చుట్టుకుని, గుట్ట మీదినుంచి వచ్చే తీగను తల్లి కుడికడియం నుంచి ఊడదీశాడు. కడియాలు విప్పేశాడు. "ఇప్పుడు ముట్టుకో అవ్వా" అన్నాడు. అవ్వ బిడ్డ తలను ఒడిలోకి తీసుకుంది. నెరిసిన పాయను చెవి వెనక్కి సర్దింది. బీరప్ప వచ్చి తల్లి చెయ్యి పట్టుకున్నాడు, అతని చెయ్యి ఇంకొకరు పట్టుకున్నారు. పాన్పు దగ్గర్నుంచి మంటపం మెట్ల దాకా చేతికట్టు మళ్ళీ కట్టారు. పక్కకు తప్పించినవాళ్ళు కూడా ఈసారి వచ్చి కలిశారు. మంది ఎక్కువైనా భట్టు ఎవరినీ తప్పుకోమనలేదు.

ఆకాశంలో రెక్కల చప్పుడైంది.

ఎండ మీదికి నీడ పడింది. ఇంటిచూరంత రెక్కలతో నల్లని రాబందు ఒకటి కోట బురుజులు చుట్టి మంటపం మీదికి దిగుతోంది. దాని మెడ చుట్టూ పొగ జడలు కట్టి ఉంది. "నల్లబడిందా తెర! నా కుండలు పగలగొట్టారన్నమాట. ఓరి పిచ్చి గొర్రెల్లారా, మీ రాణిని చేతులారా చంపుకున్నారే!" అంటూ మనిషి గొంతుతో నవ్వింది.

సుంకులవ్వ ఒక్క క్షణం తన చేతుల వైపు చూసుకుంది. బీరప్ప ఆ చెయ్యిని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"వాడే ధూమ్రకేశుడు" అన్నాడు భట్టు గొంతు తగ్గించి. "తెర చల్లారడం చూసి కుండలు పోయాయనుకున్నాడు. యువరాజా, కుండలు అలాగే ఉన్నాయి. దారి తెగింది గనుక పారకం ఆగింది. మట్టాల తేడా మాత్రం ఎక్కడికీ పోలేదు. మీ చేతిలో ఉన్నది ఇంకా మిట్టే."

ఉదయకేతుడు తన చేతిలోని తీగకొసను చూశాడు. గొంగడి మడతల్లోంచి రాగిమొన చల్లగా, ఏమీ ఎరగనట్టు బయటికి చూస్తోంది. దాన్ని వీపు వెనక దాచుకుని, మెట్ల దగ్గర పరిచిన గొంగడి మీద కాళ్ళు కుదురుగా పెట్టుకున్నాడు.

"ఎవరూ గొంగళ్ళు దిగకండి. ఎవరూ చేతులు వదలకండి" అన్నాడు.

"ఇంక వదల్ను నాయనా" అంది సుంకులవ్వ.

గాలిలో ఉన్నంతసేపూ వాడు గోరువంకే. తీగ తగిలినా ఏమీ కాదు. వాడు నేల తొక్కాలి. ఉదయకేతుడు తల వంచి, ఓడిపోయినవాడిలా మోకరిల్లాడు. అది చూసి రాబందు మళ్ళీ నవ్వింది. బావి పక్కన, నీళ్ళు చిమ్మిన బండ మీదికి రెక్కలు ముడుస్తూ దిగింది. పొగలో గోళ్ళు కరిగి మనిషి పాదాలయ్యాయి. తల్లి ముఖంలో ఇంకా ఆరని ఆ చిన్న నవ్వును యువరాజు ఒక్కసారి చూసుకుని, గొంగడిలో తీగకొస మీద పిడికిలి బిగించాడు. ధూమ్రకేశుడి కుడికాలి బొటనవేలు తడిబండను వెతుక్కుంటూ కిందికి దిగింది.